రెండు బండ్ల అనుగ్రహం

నా పేరు తాతబాబు. పేరులో తాతా ఉన్నాడు, బాబూ ఉన్నాడు, మధ్యలో ఉండాల్సిన మనిషే లేడని మా గ్యాంగు వాళ్ళు ఏడిపిస్తారు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైను మీద, దంతెవాడ దాటాక వచ్చే ఓ చిన్న స్టేషన్లో పట్టాలు బాగుచేసే గ్యాంగుకి మేట్‌ని. మాది విజయనగరం పక్క. ఇక్కడికొచ్చి ఇరవై ఆరేళ్ళు. ఆదివారం మా క్వార్టరు వరండాలో కూడే పద్నాలుగు మంది విశ్వాసులకి సంఘపెద్దని కూడా నేనే. పాస్టరుగారు జగదల్‌పూర్ నుంచి నెలకోసారి వస్తారు. మిగతా వారాల్లో నోరున్నవాడే కాపరి. నోటి విషయంలో దేవుడు నాకు లోటు చెయ్యలేదు.

నోటితో పాటు మనుషుల్ని కూడా ఇచ్చాడనుకునేవాణ్ణి. ఎవరికి ఆసుపత్రిలో మంచం దొరక్కపోయినా, ఎవరి కాగితం ఏ బల్ల మీద నిద్రపోయినా, “నేను మాట్లాడతానుండండి” అనేవాణ్ణి. మాట్లాడేవాణ్ణి. మంచం లేచి వచ్చేది, కాగితం నిద్ర లేచేది. ఆదివారం నిలబడి, ఫలానా సాబు కళ్ళల్లో ప్రభువు నాకు దయ కలిగించాడని సాక్ష్యం చెప్పేవాణ్ణి. పలుకుబడి నాది, మహిమ ఆయనది. పంపకం బాగానే కుదిరింది.

నందే చనిపోయిన పొద్దున కూడా అదే మాటన్నాను.

నందే మా పట్టాల మీద ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, కంకర మోసిన మనిషి. మొగుడు బుధ్రాం. ఏటా మిరపకాయ కోతకి తెలంగాణలో చర్ల వైపు వెళ్ళి తెలుగు నేర్చుకొచ్చినవాడు. వాళ్ళ ఊరు స్టేషనుకి పదమూడు కిలోమీటర్లు లోపలికి. ఊరి పేరు చెప్పను, అక్కడ ఇంకా మనుషులు బతకాలి. ఎనిమిదేళ్ళ కింద వాళ్ళకి నాలుగు నెలల ఆడపిల్ల పోయింది. పొలం గట్టున పాతిపెట్టి మూడు రాళ్ళు పేర్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి నందే మా వరండా మెట్ల మీద కూర్చుని పాటలు వినడం మొదలుపెట్టింది. మెట్ల మీద నుంచి చాప మీదకి రావడానికి ఏడాది పట్టింది. చాప మీదకి వచ్చాక మొగుణ్ణి కూడా తెచ్చింది.

ఊరు వాళ్ళని వెళ్ళగొట్టలేదు. బోరింగు దగ్గర అందరి తర్వాత నీళ్ళు పట్టుకోమంది, అంతే. కానీ రెండేళ్ళ కింద ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు: బతికున్నంత కాలం మీ దేవుడు మీకు, చచ్చాక మట్టి మాత్రం ఊరిది. చుట్టుపక్కల రెండు మూడు చోట్ల విశ్వాసుల శవాలు పొలిమేర దగ్గరే వెనక్కి తిరిగిన సంగతి మాకు తెలుసు. నందేకి ఇంకా బాగా తెలుసు.

మూత్రపిండాలు పాడై, ఒళ్ళంతా నీరు చేరి, జిల్లా ఆసుపత్రిలో పదకొండు రోజులు పడి ఉంది. సోమవారం సాయంత్రం నా భార్య హెప్సిబా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది: “అక్కా, బిడ్డ పక్కన.” మంగళవారం తెల్లారేసరికి లేదు.

ఆసుపత్రి ఆవరణలో, పళ్ళపుల్లలు నములుతున్న జనం మధ్య, బుధ్రాం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడవలేదు.

“నేను ఊరికి పోత అన్నా,” అన్నాడు. “పెద్దనాయన ఇంటి ముంగట కూసుంట.”

పెద్దనాయన అంటే లక్మా. బుధ్రాం తండ్రికి అన్న, ఆ ఊరి గాయ్తా. ఆ ఊళ్ళలో పొలం ఎవరి పేరున ఉన్నా, నేలని మొదట తెరిచే చెయ్యి గాయ్తాది. విత్తనానికైనా, శవానికైనా ఆయన గడ్డపార తాకించాకే మిగతావాళ్ళు తవ్వుతారు. ఆయన తెరవని నేలని తెరిస్తే ఊరికి కీడని వాళ్ళ నమ్మకం.

“కూర్చుని ఏం చేస్తావు?” అన్నాను.

“అడుగుత.”

“ఒప్పుకోకపోతే?”

“ఇంకింత సేపు కూసుంట.”

“నీ చేతిలో ఏముందని ఒప్పుకుంటాడు?”

“ఏం లేదు. నువ్వూ అక్కా ప్రార్థన చెయ్యిర్రి. ఆయన మనసు దేవుడు చూసుకుంటడు.”

“ప్రార్థన ఎలాగూ చేస్తాం. నేను మాట్లాడతాను కూడా.”

అప్పుడు మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. “పోలీస్ వద్దన్నా.”

“పోలీసులు కాదురా, ఆఫీసు,” అన్నాను.

అప్పటికి అది అబద్ధం కాదు. బుధ్రాం పక్కింటివాడి మోటారు సైకిలెక్కి ఊరికి వెళ్ళాడు. నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి చక్రధరరావుకి ఫోన్ చేశాను.

చక్రధరరావు బచేలిలో గని ఉద్యోగి, శ్రీకాకుళం మనిషి. దేవుడు వేరైనా యాస ఒకటే కాబట్టి మాకు స్నేహం. ఈ జిల్లాలో ఏ సాబు ఏ పూట ఏ కుర్చీలో ఉంటాడో ఆయనకి తెలుసు.

“ఏటి తాతబాబూ, మళ్ళీ ఎవుడి కాగితం?” అన్నాడు.

చెప్పాను. అంతా విని అడిగాడు: “ఆ పొలం ఆ అబ్బాయి పట్టాలో ఉన్నాదా?”

“ఉంది.”

“అయితే కలెక్టరాఫీసుకి ఎల్లు. పదిన్నరకి ఎల్లు. కొత్తగా వచ్చిన కుర్రసాబు, మంచోడు. నాను చెప్పి ఉంచుతాను.”

నిజంగానే మంచివాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. పొలం పట్టా చూశాడు, మరణ పత్రం చూశాడు. సొంత పొలంలో భార్యని పాతుకునే హక్కు ఎవరికైనా ఉందని గట్టిగా అన్నాడు. గుమాస్తాని పిలిచి ఆదేశం టైపు చెయ్యమన్నాడు. ఇబ్బంది రాకుండా బలగాన్ని కూడా పంపుతానన్నాడు.

“ఎంతమంది సాబ్?”

“దో గాడీ.”

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఎవడో ట్రాక్ మేటుకి, తెలుగువాడికి, ఒక కూలిమనిషి శవం కోసం రెండు బండ్ల అనుగ్రహం. బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి మా సంఘంలో అందరికీ ఫోన్లు చేశాను. ప్రభువు ద్వారం తెరిచాడు, వచ్చే ఆదివారం కృతజ్ఞత కూటం, వంట కూడా పెట్టుకుందాం అన్నాను. శవం ఇంకా ఆసుపత్రి గదిలోనే ఉంది. నేను అప్పటికే వంట దాకా వెళ్ళిపోయాను.

పన్నెండు దాటాక బుధ్రాం ఫోన్ చేశాడు. ఊళ్ళో సిగ్నల్ రాదు, గుట్టెక్కి చేస్తున్నాడు. ఆయాసపడుతున్నాడు.

“అన్నా, పెద్దనాయన ఒప్పుకున్నడు.”

“ఏమన్నాడు?”

“పొద్దుగాల నుంచి మాట్లాడలే. నేను కూసునే ఉన్న. ఎండ నా మీదికొచ్చినంక లేచి గడ్డపార తీసిండు. ఊరోళ్ళని నేను చూసుకుంట, గట్టు మీద నువ్వే పాతుకో అన్నడు. పాట వద్దంట. పెద్ద ప్రార్థన వద్దంట. నువ్వు, అక్క, నందే. ఇంకెవ్వరు రావద్దు. నాలుగు లోపల రావాలె.”

“వస్తాం,” అన్నాను.

“ఎవ్వరు రావద్దన్నా.”

“విన్నానురా.”

విన్నాను. అది ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత నాకు నేనే చాలాసార్లు వినలేదని చెప్పుకున్నాను.

హెప్సిబా పక్కనే నిలబడి అంతా వింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన తెల్లగుడ్డ మడత పెడుతోంది. “ఇంక ఆ బళ్ళని ఎనక్కి పంపించెయ్యి,” అంది.

“ఎందుకు? ముసలాయన ఒప్పుకున్నాడు, సాబూ ఒప్పుకున్నాడు. రెండూ ఉంటే చెరుపా?”

“దేవుడు తలుపు తీసేసినాడు కదా. ఇంకా గోడెందుకు పగలగొడతావు?”

“ఆయనొక్కడి మాట. ఊళ్ళో ఇంకెవడైనా అడ్డం తిరిగితే? మేము రైలు పట్టా మీద పార పెట్టాలంటే ముందు రెండు వైపులా ఎర్రజెండా పాతి, రక్షణ తీసుకుని, కాగితం చేతికొచ్చాకే పెడతాం. అలా పెట్టబట్టే నా గ్యాంగులో ఇరవై ఆరేళ్ళుగా ఒక్కడూ బండి కింద పడలేదు.”

“ఇది పట్టా కాదు కదా.”

“పనంటే పనే.”

హెప్సిబా గుడ్డ మడత పూర్తి చేసింది. ఆమె ఊరుకుంటే నేను గెలిచాననుకోవడం నా పాత జబ్బు. పైగా బస్తర్లో ఎర్రజెండాలు పాతే మనుషులు వేరే ఉన్నారనీ, వాళ్ళకీ ఖాకీ బట్టలకీ మధ్య నలిగి పోలీసు బండి చక్రాల గుర్తు చూస్తేనే ఊళ్ళకి ఊళ్ళు తలుపులు వేసుకున్న రోజులు చాలా దూరంలో లేవనీ, ఎవరింటి ముందు ఆ బండి ఆగిందన్నది ఇక్కడ ఏళ్ళ తరబడి మర్చిపోరనీ నాకు తెలియనిది కాదు. తెలిసినవాణ్ణి కాబట్టే ఒక తెలివైన పని చేశాను. బలగానికి పెద్ద అయిన హవల్దారుతో, “మీరు కాస్త దూరంగా రండి సాబ్, పొలానికి కనపడకుండా మలుపు దగ్గర ఆగండి,” అని చెప్పాను. అలాగేనన్నాడు.

కిరాయి పికప్పులో నందేని పడుకోబెట్టి, నేనూ హెప్సిబా పక్కన కూర్చున్నాం. తారురోడ్డు వదిలి ఎర్రమట్టి దారి పట్టాం. ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్ల కింద ఆకులు కాల్చి శుభ్రం చేసిన నల్లటి గుండ్రాలు, వాటి మధ్య గంపలతో ఆడవాళ్ళు. మా బండిని చూసి తల దించుకున్నారు. మా వెనకాల వచ్చినదాన్ని చూసి గంపలెత్తుకుని లోపలికి నడిచారు. నేను అది వెనక్కి తిరిగి చూశాను. డ్రైవరుని ముందుకే పొమ్మన్నాను.

పొలం గట్టు దగ్గరికి వెళ్ళేసరికి మూడున్నర. బుధ్రాం, లక్మా, ఇంకో ముగ్గురు బంధువులు. మూడు రాళ్ళ పక్కన గొయ్యి మోకాలి లోతు దిగింది. లక్మా ఎనభై దాటిన మనిషి, ఎండిన చింతకాయలా ఉన్నాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని, గడ్డపార మోకాళ్ళ మీద పెట్టుకుని, తవ్వేవాళ్ళకి వేలితో కొలత చూపిస్తున్నాడు. ఇటు ఇంకొంచెం, తల ఇటు రావాలి అన్నట్టు. సొంత కోడలికి పక్క వేయిస్తున్నట్టే ఉంది.

బుధ్రాం నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. “అయిపోయిందన్నా,” అన్నాడు. “ఇంకొక్క అర గంట.”

అప్పుడే ఇంజన్ల చప్పుడు వినిపించింది.

మలుపు దగ్గర ఆగలేదు వాళ్ళు. మలుపు దగ్గర నిలబడితే ప్రమాదమని, నిబంధన ఒప్పుకోదని తర్వాత హవల్దారు చెప్పాడు. వాళ్ళ రక్షణ పద్ధతి వాళ్ళకుంటుంది కదా. రెండు బండ్లూ పొలం చివరికొచ్చి ఆగాయి. తుపాకులతో దిగి, నేను పట్టా మీద మనుషుల్ని నిలబెట్టినట్టే, గట్టుకి రెండు వైపులా నిలబడ్డారు.

తవ్వేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఊళ్ళోంచి ఒక్కొక్కరే బయటికొచ్చి చెట్ల కింద నిలబడ్డారు. కేక లేదు, రాయి లేదు. యాభై అరవై మంది చూస్తున్నారంతే. వాళ్ళు చూస్తున్నది తుపాకుల్ని కాదు, లక్మాని.

లక్మా బుధ్రాంని చూశాడు. బుధ్రాం నన్ను చూశాడు. నేను జేబులోంచి కాగితం తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తెలీదు. ఇరవై ఆరేళ్ళ అలవాటు, అనుమానంగా చూసినవాడికి కాగితం చూపించడం.

లక్మా లేచాడు. గోండీలో బుధ్రాంతో ఒకే ఒక్క మాట అన్నాడు, చాలా మెల్లగా. తర్వాత వంగి, తవ్విపోసిన మట్టిని రెండు చేతులతో తీసి గోతిలోకి వేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. కాసేపు చూసి ఆ ముగ్గురూ పారలతో సాయం చేశారు. మనిషి లేని గొయ్యి పూడ్చడానికి ఎంతోసేపు పట్టలేదు. మట్టి కొంచెం మిగిలింది కూడా. లక్మా దాన్ని కాలితో సమం చేసి, గడ్డపార భుజాన పెట్టుకుని, చెట్ల కింద నిలబడ్డ జనంలోకి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయనకి దారివ్వలేదు. పక్కనుంచి తప్పుకుని వెళ్ళాడు.

హవల్దారు దగ్గరికొచ్చాడు. “మీ దగ్గర ఆదేశ్ ఉంది కదా. మీరే తవ్వుకోండి. మేం నిలబడతాం.”

పార తీసుకున్నాను. బుధ్రాం నా చెయ్యి పట్టుకున్నాడు.

“పెద్దనాయన మూసిన మట్టి నేను తెరవ,” అన్నాడు.

“మన హక్కురా ఇది.”

“హక్కే అన్నా. తెరవ.”

హవల్దారు వాచీ చూసుకున్నాడు. పొద్దుగుంకేలోపు తన మనుషులు తారురోడ్డు ఎక్కాలన్నాడు. జనం పెరుగుతున్నారని వాకీటాకీలో ఎవరికో చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు మా అందరికీ వినిపించింది. శవాన్ని బచేలి గని టౌన్‌షిప్ పక్కనున్న క్రైస్తవుల స్మశానానికి తీసుకెళ్ళమని. పొద్దున హక్కు గురించి మాట్లాడిన గొంతే అది. అలసిపోయి ఉంది, అంతే.

బుధవారం పొద్దున నలభై కిలోమీటర్ల అవతల, గోడ కట్టిన స్మశానంలో, ఎన్నడూ చూడని మనుషుల మధ్య నందేని పెట్టాం. కావలసినన్ని పాటలు పాడుకోవచ్చు, పెద్ద ప్రార్థన చేసుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు. నేను పాట ఎత్తుకుని రెండో చరణం మర్చిపోయాను. హెప్సిబా అందుకుంది.

మట్టి వేశాక బుధ్రాం గేటు దగ్గర కుళాయి కింద కాళ్ళు కడుక్కున్నాడు. అడగలేక అడిగాను. “నిన్న పెద్దాయన ఏమన్నాడు?”

“ఎందుకన్నా.”

“చెప్పు.”

“నేను నీ దిక్కు చెయ్యి చాపిన, నువ్వు దానికి బేడీ తెచ్చినవ్ అన్నడు.”

“నువ్వు తేలేదని చెప్పలేకపోయావా?”

“ఎవరు తెచ్చిన్రని చెప్పాలె?”

కుళాయి కట్టేశాడు.  నిన్న పొద్దున్నే దేవుడి బలం అడగమన్నవాడికి మధ్యాహ్నానికి బలగాన్ని తెచ్చిచ్చినవాణ్ణి. అయినా పాత నోరు మళ్ళీ తెరుచుకుంది.

“నువ్వు ఊరికి వెళ్ళకు. మా క్వార్టరు వెనక రేకుల గది ఉంది. ఠేకేదారుతో నేను మాట్లాడ...”

“వద్దన్నా.”

“మరి ఎక్కడికి?”

“పెద్దనాయన ఇంటికి. ఊరోళ్ళు ఆయన్నే అంటరు, నువ్వే పోలీసుల్ని పిలిపించినవని. ఆయన తరఫున నిలబడనీకి ఎవరున్నరు?”

“నేనూ వస్తాను. నేనే తెచ్చానని అందరి ముందూ చెప్తాను.”

“నువ్వు రాకు. నువ్వొస్తే నీ ఎనకాల ఇంకెవరొస్తరోనని చూస్తరు.”

కోపంతో అన్నమాట కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందుకే ఇంకా దిగింది.

“నిన్నేమైనా చేస్తే? అక్కడ నీకు బలం ఎవరున్నారు?”

“నాకేం బలం లేదన్నా. నిన్నటి లెక్కనే పోతున్న. నిన్న ఒట్టి చేతులతోని కూసున్న, దేవుడు ఆ ముసలాయనను లేపిండు. మళ్ళ లేపుతడో లేదో నాకు తెల్వదు. లేపకున్నా ఆడనే కూసుంట.” హెప్సిబా వైపు తిరిగి దండం పెట్టాడు. “పోయొస్త అక్కా.”

హెప్సిబా రొట్టెల మూట ఇచ్చింది. బస్సెక్కాడు.

ఆదివారం కృతజ్ఞత కూటానికి అందరూ వచ్చారు. వద్దని చెప్పడం మర్చిపోయాను. ఎవరో పులిహోర, ఎవరో గారెలు తెచ్చారు. సాక్ష్యం చెప్పమన్నారు. నిలబడి మొత్తం చెప్పాను, విన్నానని చెప్పిన మాటతో సహా. రెండు బండ్ల దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో ఒకాయన నవ్వాడు. తాతబాబు కదా, చివరికేదో చమత్కారం ఉంటుందనుకున్నాడు. తర్వాత ఆయనే తలదించుకున్నాడు. గారెలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారు.

ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. బుధ్రాం దగ్గరనుంచి ఫోన్ లేదు. గీదం సంతలో ఆ ఊరివాడొకడు హెప్సిబాతో, బుధ్రాం ఇంటికి ముళ్ళకంప అడ్డం కట్టి ఉందన్నాడు. ఇంకొకామె, లక్మా చూరు కింద అతను కూర్చుని ఉండగా చూశానంది. రెండూ నిజం కావచ్చు. ఆమె చూసి వారం దాటింది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే చక్రధరరావు ఫోన్ చేశాడు. ఆయన మనసు కూడా మనసులో లేదు పాపం.

“తాతబాబూ, ఆ అబ్బాయి కబురేటైనా తెలిసిందా?”

“లేదు.”

“ఠాణాలో ఒక ముక్క చెప్పమంటావేటి? నాకు తెలిసినోడున్నాడు. ఓసారి ఎల్లి చూసొస్తారు. బతికున్నాడో లేదో తెలుస్తాది కదా.”

తెలుస్తుంది. గంటలో తెలుస్తుంది. ఒక్క మాట చాలు, మళ్ళీ బండ్లు కదులుతాయి, ఆ మట్టిదారి పడతాయి, లక్మా ఇంటి ముందు ఆగి, బుధ్రాం ఎవరని అడుగుతాయి. ఇప్పటిదాకా అతను బతికి ఉంటే, ఆ తర్వాత అతన్ని కాపాడటానికి ఏ బండీ సరిపోదు.

“వద్దు,” అన్నాను.

“ఏటీ?”

“వద్దు చక్రధరరావుగారూ. ఎవరికీ చెప్పకండి.”

“నువ్వేనా మాట్లాడతన్నావు?”

“నేనే.”

“మరేటి చేస్తావు?”

“ఏమీ చెయ్యను. చెయ్యడానికి నా దగ్గర ఏం లేదు. దేవుణ్ణి అడుగుతాను.”

ఆయన సరే మరి అని పెట్టేశాడు. ఫోన్ హెప్సిబా చేతికిచ్చాను. దాచమన్నాను, ఎక్కడ పెట్టావో నాకు చెప్పకన్నాను. ఆమె లోపలికి వెళ్ళి వచ్చి, చాప పరిచి మోకరించింది. పక్కన నేనూ మోకరించాను.

“నువ్వు చెయ్యి,” అన్నాను. “నాకు మాటలు లేవు.”

“ప్రభువా, బుధ్రాం...” అని మొదలుపెట్టింది. ఆ పేరు దగ్గరే ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఇంక ఇద్దరం ఊరికే ఉన్నాం. కిరండూల్ నుంచి ఇనుపరాయి బండి వచ్చింది. గోడలు, గిన్నెలు, మా మోకాళ్ళ కింద నేల, అన్నీ చాలాసేపు అదిరాయి. బండి వెళ్ళిపోయాక కూడా మేం లేవలేదు.